పాఠం చెప్పని పది నిమిషాలు



నేను ముప్పై ఏళ్ళకు పైగా ప్రైమరీ స్కూల్లో టీచరుగా పని చేస్తున్నాను. రెండు చప్పట్లు కొట్టి పాతికమంది పిల్లలను నిశ్శబ్దంగా కూర్చోబెట్టగలను. కానీ రెండున్నర ఏళ్ళ మా మనవణ్ణి, ఒక్కణ్ణి, నిద్రపుచ్చలేకపోయాను. ఆ సంగతి మీకు చెబుతాను. ఇది నిద్ర గురించి. కొంచెం మన భాష గురించి కూడా.

మేము ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఉంటాము. ఇది సిడ్నీకి నైరుతి దిక్కున, లివర్‌పూల్ దాటిన తరువాత వస్తుంది. 2015 ఫిబ్రవరిలో ఇక్కడ రైలు స్టేషన్ తెరిచారు. ఆ తరువాత ఇళ్ళు వేగంగా లేచాయి. ఇప్పుడు సాయంత్రం నడకకు వెళితే ఒక వీధిలో హిందీ, ఒక వీధిలో అరబ్బీ, ఒక వీధిలో తెలుగు వినిపిస్తాయి. ఫిజీ నుంచి వచ్చిన మాలాంటి కుటుంబాలు కూడా ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి.

మా అమ్మాయి నర్సు. వారంలో మూడు రోజులు సాయంత్రం డ్యూటీ. అల్లుడు ఆ రోజుల్లో ఆలస్యంగా వస్తాడు. అందుకని ఆ మూడు రాత్రులు మనవడు నా దగ్గర ఉంటాడు. వాణ్ణి మేము చిన్నోడు అంటాము. ఇక్కడ కూడా అలాగే అంటాను.

మొదటిసారి చిన్నోడు నా దగ్గర పడుకోవడానికి వచ్చినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. దానికి ఒక కారణం ఉంది. నేను తెలుగు నేర్చుకున్నది ఇంట్లో కాదు, ఫిజీలో, నాందీ దగ్గర, గుడిలో. ప్రతి శనివారం మధ్యాహ్నం పలక, బలపం పట్టుకొని వెళ్ళేవాళ్ళం. మాస్టారు వాచకం చదివించేవారు. ఇంట్లో పగలంతా ఫిజీ హిందీయే. నేను కష్టపడి నేర్చుకున్న ఈ భాషను మా అమ్మాయికి ఇవ్వలేకపోయాను. మనవడికైనా ఇస్తానని అనుకున్నాను. పడుకునే ముందు పిల్లలు ఒకచోట ఉంటారు, మన మాట వింటారు. తెలుగు నేర్పడానికి అంతకన్నా మంచి సమయం ఏది? అలా అనుకున్నాను. అదే నా తప్పు.

నా పద్ధతి ఇలా ఉండేది. ఏడున్నరకు మంచం మీద కూర్చునేవాళ్ళం. బొమ్మల పుస్తకం తెరిచేదాన్ని.

"ఇది ఏమిటి?"

"ఎలిఫెంట్."

"తెలుగులో ఏమంటాము?"

"ఏనుగు!"

"ఏనుగుకు ఎన్ని కాళ్ళు?"

"ఒకటి, రెండు, మూడు, నాలుగు!"

నాలుగు అనేసరికి వాడు మంచం మీద లేచి నిలబడేవాడు. తొండం ఊపేవాడు. నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఎనిమిది అయ్యేది. ఎనిమిదిన్నర అయ్యేది. అప్పుడు నేను, "ఇక నిద్రించుము" అనేదాన్ని. నాకు గుడిలో వచ్చిన మాట అదే. పక్షులు నిద్రించును, జంతువులు నిద్రించును, బాలుడు నిద్రించును. చిన్నోడు నా ముఖం చూసి నవ్వేవాడు. ఆ మాట కూడా ఆటే అనుకున్నాడు. వాడు కూడా "ఇంచుము, ఇంచుము" అని గెంతేవాడు.

ఇంకొక చిక్కు వెలుతురు. అక్టోబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో దాదాపు ఎనిమిది అయ్యేదాకా సూర్యుడు అస్తమించడు. ఏడున్నరకు కిటికీలో ఎండ ఉంటుంది. వీధిలో పెద్ద పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు. "అవ్వా, సూర్యుడు ఉన్నాడు" అని చిన్నోడు వేలు చూపిస్తాడు. వాడి మాట నిజమే. నేనేం చెప్పాలి? ఫిజీలో నా చిన్నతనంలో ఈ గొడవ లేదు. ఏడాది పొడవునా ఏడు గంటలలోపే సూర్యుడు అస్తమించేవాడు. కిరోసిన్ దీపం తగ్గించగానే ఇల్లు, పెరడు, చెరకు తోట అన్నీ ఒకేసారి చీకటి అయ్యేవి. ఇంక పడుకోవడం తప్ప చేసేది ఏమీ ఉండేది కాదు.

ఒక గురువారం చిన్నోడు రాత్రి పదిన్నరకు పడుకున్నాడు. మరునాడు చైల్డ్‌కేర్‌లో అన్నం తినలేదు, ఒక పిల్లవాణ్ణి కొరికాడు. మా అమ్మాయి శుక్రవారం నా దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. బాగా అలసిపోయి ఉంది.

"అమ్మా, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. వాణ్ణి పడుకోబెట్టేటప్పుడు తెలుగు వద్దు. తెలుగు వింటే వాడికి ఆట అనిపిస్తుంది. పగలు నీ ఇష్టం. రాత్రి ఇంగ్లీషులోనే పడుకోబెట్టు."

నేను ఏమీ అనలేదు. చాలా బాధ కలిగింది. తరువాత అది ఇంకొక మాట కూడా అంది. "నన్ను నువ్వు ఇంగ్లీషులోనే కదా పడుకోబెట్టావు? నేను బాగానే పడుకున్నాను."

అది నిజం. ఎందుకు అలా చేశానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా ముత్తాత పాస్ కాగితం నకలు మా ఇంట్లో ఉంది. అందులో జిల్లా ఉత్తర ఆర్కాటు అని, తాలూకా చిత్తూరు అని రాసి ఉంది. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయింది. ఆయన అంతకుముందే ఓడ ఎక్కాడు. ఫిజీకి గిర్మిట్ మీద వచ్చిన సుమారు 61,000 మందిలో దాదాపు 15,000 మంది మద్రాసు నుంచి వచ్చారు. మద్రాసు నుంచి మొదటి ఓడ 1903లో వచ్చింది, చివరి ఓడ 1916లో. మొదట వచ్చిన వాళ్ళందరూ ఉత్తరాది వాళ్ళు. అందువల్ల తోటల్లో హిందీయే అందరి భాష అయింది. తెలుగు, తమిళం, మలయాళం మాట్లాడేవాళ్ళు పనిలో హిందీ నేర్చుకోక తప్పలేదు.

మా అవ్వ కూలీ లైన్లలో పుట్టింది. లైన్లు అంటే పొడుగాటి కొట్టాలు. అందులో వరుసగా గదులు. చాలా గదులు పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు ఉండేవి. ఒక గదిలో ముగ్గురు మగవాళ్ళు, లేదా భార్యాభర్తలు, వాళ్ళ పిల్లలు. మధ్య గోడలు కప్పు దాకా ఉండవు. ఒక గదిలో బిడ్డ ఏడిస్తే అన్ని గదుల్లోనూ వినిపిస్తుంది. తెల్లవారకముందే అందరూ పనికి లేవాలి. ఆ గదిలో బిడ్డను ఊరుకోబెట్టడం ఎంత అవసరమో ఊహించండి. ఒక తల్లి పాడిన జోలపాట కూడా అలాగే అన్ని గదులకూ వినిపించి ఉంటుంది. తెలుగు రానివాళ్ళు కూడా విని పడుకొని ఉంటారు.

అవ్వ పగలు మాతో హిందీలో మాట్లాడేది. రాత్రి మాత్రం తెలుగు. దూలానికి పాత చీర కట్టి ఉయ్యాల వేసేది. మా తమ్ముణ్ణి అందులో వేసి ఊపేది. నేను కింద చాప మీద పడుకొని వినేదాన్ని. ఆ పాటలో మాటలు నాకు గుర్తు లేవు. చివర ఒక శబ్దం మాత్రం గుర్తు ఉంది. నాలుకను పైకి మడిచి ఏదో అనేది. అది తెలుగో, హిందీయో, ఫిజీ భాషో నాకు తెలియదు. మాస్టారి వాచకంలో అది లేదు. అందుకని అవ్వ సొంతంగా కల్పించిన శబ్దం అనుకున్నాను. నాకు పదమూడేళ్ళప్పుడు అవ్వ పోయింది.

1987 మే 14న ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. మన వాళ్ళ మొదటి ఓడ లియోనిడాస్ ఫిజీకి చేరింది 1879లో అదే రోజున. మరుసటి ఏడాది మేము సిడ్నీ వచ్చాము. నాకు ఇరవై ఏళ్ళు. ఇక్కడ నిలబడాలి, చదవాలి, ఉద్యోగం రావాలి. మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు ఒక భయం ఉండేది. నా ఇంగ్లీషు విని స్కూల్లో నవ్వినట్టు దాని ఇంగ్లీషు విని ఎవరూ నవ్వకూడదు. అందుకని ఇంగ్లీషు కథలు చదివాను, ఇంగ్లీషు పాటలు పాడాను. తెలుగు తరువాత నేర్పవచ్చు అనుకున్నాను. ఆ "తరువాత" ఇంకా రాలేదు.

కాబట్టి మా అమ్మాయి "రాత్రి తెలుగు వద్దు" అన్నప్పుడు నాకు జవాబు లేదు. రెండు వారాలు చిన్నోణ్ణి ఇంగ్లీషులో పడుకోబెట్టాను. కొంచెం త్వరగా పడుకున్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ఒక శనివారం సాయంత్రం నేను పెరట్లో ఆరిన బట్టలు తీస్తున్నాను. పక్కింటి వాళ్ళది నెల్లూరు. వాళ్ళకు నెలల పాప ఉంది. ఆ ఇంటి అమ్మాయి తల్లి పాపను చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చారు. ఫెన్స్ అవతల పాప ఏడుస్తోంది. అప్పుడు ఆమె గొంతు వినిపించింది. "ళుళుళుళు... ఆయీ... ళుళుళుళు... ఆయీ..."

నా చేతిలో బట్టల క్లిప్పు కింద పడింది. అది మా అవ్వ శబ్దం. నలభై ఏళ్ళకు పైగా నేను వినని శబ్దం.

పాప ఊరుకున్న తరువాత నేను ఫెన్స్ దగ్గరికి వెళ్ళి పిలిచాను. "అమ్మగారూ, మీరు ఇప్పుడు పాడినది ఏ పాట?"

ఆమె ఆశ్చర్యపోయారు. "పాటేముందమ్మా? ఊరికే అనేదే. మా అమ్మ అనేది, వాళ్ళమ్మ అనేది. మా వైపు అందరూ అంటారు."

"దానికి అర్థం ఏమిటండీ?"

"అర్థం ఏమీ లేదు. బిడ్డ పడుకుంటుంది, అంతే."

నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అవ్వ కల్పించుకున్నది కాదు. చిత్తూరు నుంచి లైన్ల దాకా, లైన్ల నుంచి మా ఇంటి దాకా వచ్చిన శబ్దం అది. వాచకంలో లేదు కాబట్టి నేను దాన్ని తెలుగు అనుకోలేదు.

మరునాడు ఆమె టీకి వచ్చారు. చిన్నోడి సంగతి చెప్పాను. "రోజూ తెలుగులో కథ చెబుతానండీ. పడుకోడు" అన్నాను. ఎట్లా చెబుతారో చెప్పండి అన్నారు. నేను పుస్తకం తెచ్చి చూపించాను. ఇది ఏమిటి, దీని రంగు ఏమిటి, ఎన్ని కాళ్ళు అని.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయారు. "టీచరమ్మా, ప్రశ్న అడిగితే బిడ్డ జవాబు చెప్పాల కదా? జవాబు చెప్పేవాడు ఎట్లా నిద్రపోతాడు? రాత్రిపూట బడి పెట్టారు మీరు!"

ముప్పై ఏళ్ళ టీచరుకు ఒక్క నిమిషంలో చెప్పిన పాఠం అది. పిల్లవాణ్ణి మేలుకొల్పింది తెలుగు కాదు. నా ప్రశ్నలు, నా చప్పట్లు, నా "శభాష్". ఇంగ్లీషులో అడిగినా వాడు అలాగే గెంతేవాడు. ఇంగ్లీషులో నేను పాఠం చెప్పలేదు కాబట్టి వాడు పడుకున్నాడు.

ఆమె ఇంకొక మాట కూడా ఇచ్చారు. "నిద్రించుము ఏందమ్మా? బజ్జో అనండి." పసిపిల్లల కోసం తెలుగులో ఇలాంటి మాటలు వేరే ఉన్నాయట. అన్నం బువ్వ. స్నానం లాల. పడుకోవడం బజ్జోవడం. గుడి తరగతిలో మేము పెద్దల భాష నేర్చుకున్నాము. ఈ చిన్న మాటలు ఎవరూ నేర్పలేదు, ఎందుకంటే అవి ఇంట్లోనే వస్తాయని అందరూ అనుకుంటారు. మాకు రాలేదు. బూచాడు వస్తాడని భయపెట్టే మాట కూడా ఆమె చెప్పారు. అది మాత్రం నేను తీసుకోలేదు. భయంతో కళ్ళు మూసుకున్న పిల్లవాడు అర్ధరాత్రి భయంతోనే లేస్తాడు.

ఆ వారం మా అమ్మాయితో కూర్చొని మాట్లాడాను. నర్సు కదా, దానికి ఈ విషయాలు నాకన్నా బాగా తెలుసు. ఆస్ట్రేలియా ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఒకటి, రెండేళ్ళ పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు 10 నుంచి 13 గంటలు. పగటి కునుకు కూడా ఇందులో కలుస్తుంది. కంటికి వెలుతురు తగులుతున్నంతసేపు నిద్ర తెచ్చే మెలటోనిన్ మెదడులో సరిగా పెరగదు. టీవీ, ఫోన్ తెరల వెలుగు కూడా అంతే. రోజూ ఒకే వేళకు, ఒకే వరుసలో పనులు చేస్తే పిల్లవాడికి తరువాత ఏం జరుగుతుందో తెలుస్తుంది. తెలిస్తే భయం ఉండదు, పేచీ తగ్గుతుంది.

ఇద్దరం కలిసి ఒక వరుస పెట్టుకున్నాము. ఆరు గంటలకు బువ్వ. ఆరున్నరకు టీవీ బంద్. తరువాత లాల. పాలు. పళ్ళు తోముకోవడం. కిటికీకి మందపాటి నల్ల కర్టెన్ వేశాము. "సూర్యుడికి చెప్పు, మనం బజ్జోవాలి అని" అంటాను. చిన్నోడు తానే కర్టెన్ లాగుతాడు. ఆ పని వాడిదే. తరువాత ఒకే ఒక్క పుస్తకం. నేను చదువుతాను, వాడు వింటాడు. నేను ఏమీ అడగను. వాడు అడిగితే ఒక్క మాటలో చెబుతాను. దీపం ఆర్పాక పది నిమిషాలు పాఠం లేదు. ళుళుళుళు, ఆయీ, బజ్జో. ఈ మూడే. గొంతు మెల్లగా తగ్గిస్తాను.

పూర్తిగా నిద్రపోయేదాకా ఎత్తుకొని ఉండవద్దని మా అమ్మాయి చెప్పింది. పిల్లలు రాత్రి చాలాసార్లు కొంచెం మేలుకుంటారు. చేతుల్లో నిద్రపోయినవాడు మేలుకున్నప్పుడు ఆ చేతుల కోసం ఏడుస్తాడు. అందుకని మొదటి వారం మంచం పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాను. రెండో వారం కుర్చీ గది మధ్యకు జరిపాను. మూడో వారం తలుపు దగ్గరికి. నాలుగో వారం హాల్లో నుంచే పాడాను. ఇది చదవడానికి సులభంగా ఉంది, కానీ రెండో వారం ఒక రాత్రి వాడు పదకొండుసార్లు మంచం దిగాడు. పదకొండుసార్లు ఏమీ మాట్లాడకుండా తీసుకువెళ్ళి పడుకోబెట్టాను. "బజ్జో" అన్నాను, అంతే. స్కూల్లో నాకు అంత ఓపిక ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు చాలా రోజులు ఎనిమిది లోపల పడుకుంటాడు. అన్ని రోజులూ కాదు. చైల్డ్‌కేర్‌లో మధ్యాహ్నం ఎక్కువసేపు పడుకుంటే రాత్రి తొమ్మిది అవుతుంది. జలుబు చేస్తే అంతా మళ్ళీ మొదటికి వస్తుంది. మీ ఇంట్లో కూడా ఇలాంటి కష్టం ఉంటే ఒంటరిగా పడవద్దు. న్యూ సౌత్ వేల్స్‌లో 1918 నుంచి ట్రెసిలియన్, 1923 నుంచి కారిటేన్ తల్లిదండ్రులకు సహాయం చేస్తున్నాయి. ఫోన్‌లో కూడా సలహా ఇస్తారు. ఒక మాట జాగ్రత్త. అవ్వ చీర ఉయ్యాల నాకు ఎంతో ఇష్టం. కానీ ఏడాది లోపు పిల్లలను చదునైన గట్టి పరుపు మీద, వెల్లకిలా, దిండు లేకుండా పడుకోబెట్టాలని ఇక్కడి నర్సులు చెబుతారు. పాత శబ్దం ఉంచుకోండి, పడక మాత్రం కొత్తది కావాలి.

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి మా అమ్మాయి నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజు దానికి సెలవు. వాళ్ళ ఇంట్లోనే చిన్నోణ్ణి పడుకోబెడుతోంది. వెనక వాడి ఏడుపు వినిపిస్తోంది.

"అమ్మా, వాడు ఏదో 'లులు' కావాలంటున్నాడు. నేను అంటే అది కాదంటున్నాడు. ఎలా అనాలి?"

"నాలుక పైకి మడిచి అనాలి. ళు."

"లు."

"నాలుక చివర పై అంగిలికి తగలాలి. ళు."

"ళు..."

"అదే. నాలుగుసార్లు అను. తరువాత ఆయీ అని సాగదీయి."

అది పెట్టేస్తుందని అనుకున్నాను. పెట్టలేదు. ఫోన్ మంచం మీద ఉంచినట్టుంది. ముప్పై ఏళ్ళ నా కూతురు చీకట్లో, తప్పులతో, మెల్లగా అంటోంది. చిన్నోడి ఏడుపు తగ్గింది. తరువాత ఏ చప్పుడూ లేదు. "బాగా పలికావు" అని చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. అది పాఠం చెప్పే వేళ కాదు.

దానికి చిన్నప్పుడు నేను పాడవలసిన పాట అది. ఆలస్యమైంది. కానీ ఆ రాత్రి ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని నేను కూడా కళ్ళు మూసుకున్నాను.

మన పత్రిక చదివే వాళ్ళలో చాలామంది నాలాగే పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు, నేర్చుకుంటున్నవాళ్ళు. మీకు ఒక్కటే చెబుతాను. వ్యాకరణం వచ్చేదాకా ఆగవద్దు. ఇంట్లో చిన్న పిల్లలు ఉంటే ఈ రాత్రి దీపం ఆర్పి బజ్జో అనండి. తప్పు పలికినా పిల్లలు దిద్దరు. నిద్రపోతారు.